మేస్త్రి చూసిన ఇల్లు

మేస్త్రికి గోడలంటే ప్రాణం, మనుషులంటే చిరాకు. ఇల్లు కొనేముందు ఆరుసార్లు వెళ్ళి చూశాడు. తాపీ పిడితో గోడలన్నీ కొట్టి చూశాడు, పునాది పక్కన తవ్వి చూశాడు, డాబా మీద బకెట్లతో నీళ్ళు పోసి ఎటు పారుతున్నాయో చూశాడు. ఆ వీధిలో మాత్రం ఒక్కరినంటే ఒక్కరిని పలకరించలేదు.

"ఇరుగుపొరుగు ఎలాంటివాళ్ళో ఒక్క మాట అడగరాదూ?" అని అతని భార్య నెత్తీనోరూ కొట్టుకుని చెప్పింది. ఆమె సిటీ బస్సులో కండక్టరు. "నేను డ్యూటీకి, నువ్వు పనికి పోతే మీ అమ్మను చూసేదెవరు?"

ఆమె భయమంతా అత్తగారి గురించే. ఆవిడకు ఏడాదిగా మతిమరుపు. గేటు తీసి కనబడితే చాలు, ఎటు పడితే అటు నడిచిపోతుంది. అద్దెకున్న పాత వీధిలో ఆ బెంగ ఉండేది కాదు. మూల మీద బట్టలు ఇస్త్రీ చేసే అక్క "ఎక్కడికి పెద్దమ్మా బయల్దేరావు?" అని చెయ్యి పట్టుకుని తన పక్కన కూర్చోబెట్టుకునేది. అక్క చూడకపోతే కిరాణా కొట్టాయన చూసేవాడు.

"కొంటున్నది ఇంటినా, మనుషుల్నా?" అని మేస్త్రి ఆమె నోరు మూయించాడు.

చేరిన మూడో వారమే కొంప ముంచాడు మహానుభావుడు. ఇంటి ముందు ప్రహరీని ఆనుకుని ఒక అరుగు ఉంది. సాయంత్రమైతే వీధి ఆడవాళ్ళంతా అక్కడే చేరేవారు. నీళ్ళ మోటారు బాగుచేయించడం దగ్గర్నుంచి, జ్వరమొచ్చినవాళ్ళకి ఆసుపత్రిలో ఎవరు తోడుండాలన్న దాకా అన్నీ అక్కడే తేలేవి. అమ్మ బయటికి పోకుండా ప్రహరీ ఎత్తు పెంచాలి, పెంచినా అరుగెక్కి దొంగ దూకుతాడు. ఇదీ మేస్త్రి బుర్రకు తోచిన లెక్క. సుత్తి పట్టాడు.

ఎదురింటి టీచరమ్మ పరుగెత్తుకొచ్చింది. "అయ్యో, ఆగండి! ఇరవై ఏళ్ళుగా కూర్చుంటున్నాం ఇక్కడ. మీ అమ్మగారు కూడా రోజూ మాతోనే కూర్చుంటున్నారు కదా!"

"నా స్థలం, నా గోడ. మా ఇంటి సంగతుల్లో వేలు పెట్టకండి," అన్నాడు మేస్త్రి, తలైనా ఎత్తకుండా.

అంతే, వీధికి వీధే మొహం తిప్పేసుకుంది. కండక్టరమ్మ నవ్వితే నవ్వేవాళ్ళు లేరు. ఆమె సిగ్గు విడిచి టీచరమ్మ ఇంటికి వెళ్తే, "అన్నది మీరు కాదుగా, ఆయన్ని రమ్మనండి," అని గుమ్మంలోంచే పంపేసింది. మేస్త్రి వెళ్తాడా? వెళ్తే తల తెగిపడదూ!

ఆ తర్వాత ఒక మధ్యాహ్నం కండక్టరమ్మ డ్యూటీ దిగి వచ్చేసరికి గేటు బార్లా తెరిచి ఉంది. పొద్దున పనిముట్ల కోసం వచ్చిన మేస్త్రి తాళం వెయ్యడం మరిచిపోయి వెళ్ళాడు. అత్తగారు ఏ గదిలోనూ లేదు.

"మా అత్తయ్యను చూశారా?" అని ఎదురింటికి పరుగెత్తింది.

"చూశాను. పదకొండింటికి వెళ్ళారు. కాళ్ళకు చెప్పులు కూడా లేవు," అంది టీచరమ్మ.

"చూస్తూ ఊరుకున్నారా!"

"పిలవబోయాను. మీ సంగతుల్లో వేలు పెట్టొద్దన్నారుగా."

"ఆయన నోరు పారేసుకుంటే ముసలావిడ ఏం చేసిందండీ మీకు? ఏ లారీ కిందో పడితే?"

టీచరమ్మ మొహం పాలిపోయింది. అయినా గుమ్మం దిగలేదు. కండక్టరమ్మకు ఈవిడను ముందు కొట్టాలో, మొగుణ్ణి ముందు కొట్టాలో తెలియలేదు.

అప్పుడే ఫోను మోగింది. ఇస్త్రీ అక్క. "చెల్లీ, కంగారు పడకు. పెద్దమ్మ నా దగ్గరే ఉంది. ఎలా వచ్చిందో ఏమో, అరికాళ్ళు రెండూ బొబ్బలెక్కిపోయాయి."

మేస్త్రికి కబురు చేసి ఆమె ఆటో ఎక్కింది. వెళ్ళేసరికి అత్తగారు ఇస్త్రీ బల్ల పక్కన స్టూలు మీద కూర్చుని ఉంది. కిరాణా కొట్టాయన ఆవిడ కాళ్ళకు మందు రాస్తున్నాడు. కాసేపటికి సిమెంటు దుమ్ముతోనే మేస్త్రి ఊడిపడ్డాడు.

"పద అమ్మా, ఇంటికెళ్దాం."

"ఇంట్లోనే ఉన్నానుగా. నువ్వెవరింటికొచ్చావు నాయనా?"

"అమ్మా, నేనే!"

ఆవిడ అతన్ని కిందికీ మీదికీ చూసి ఇస్త్రీ అక్క వైపు తిరిగింది. "పాపం, ఎవరో దారి తప్పినట్టున్నాడే. కాసిని మంచినీళ్ళియ్యి."

మేస్త్రి నేల మీద కూలబడి ఏడ్చాడు. నీళ్ళు తెచ్చి ఇచ్చింది కండక్టరమ్మే.

"తాగు. తాగి, వెళ్ళి ఆ ఇల్లు బేరానికి పెట్టు. ఈసారి ఇల్లు నేను చూస్తాను. వీధిలో గడప గడపకీ వెళ్ళి మాట్లాడాకే చూస్తాను. గోడలు బాగోకపోతే కట్టడానికి నువ్వున్నావుగా."