ఉప్పు చూసే నాలుక

ఫ్యాక్టరీ క్యాంటీన్‌లో వంటాయన్ని అందరూ గరిటె మాస్టారు అనేవారు. తరగడం, వేయించడం, వార్చడం సహాయకులకు వదిలేసేవాడు గానీ ఉప్పు డబ్బా మీద మాత్రం ఎవరినీ చెయ్యి వేయనిచ్చేవాడు కాదు. ‘అన్నీ వేసి చూడు, నన్ను వేసి చూడు’ అందట ఉప్పు. ఆ మాట తన గురించే పుట్టినట్టు మాస్టారు మీసం దువ్వుకునేవాడు.

ఆ ఏటి వైద్య పరీక్షలతో గొడవ మొదలైంది. లేతు మిషన్ల వాళ్లు, ప్యాకింగ్ ఆడవాళ్లు, కుర్చీలోంచి కదలని గుమాస్తాలు, చివరికి పొద్దున్నే పరుగులు తీసే గేటు కాపలాదారు, దాదాపు అందరికీ బీపీ నిరుటికన్నా పెరిగింది.

“మీరంతా కలిసి చేసే పని ఏమిటి?” అని అడిగింది డాక్టరమ్మ.

“మధ్యాహ్నం భోజనమండీ” అన్నాడు కాపలాదారు. తలలన్నీ మాస్టారి వైపు తిరిగాయి.

మాస్టారు తాడెత్తున లేచాడు. “ఇన్నేళ్లుగా ఇదే చెయ్యి, ఇదే నాలుక! ఈ ఏడే చెడ్డానా?”

మేనేజరు ఆయన్ని పక్కకు తీసుకెళ్లాడు. “మూడు నెలల్లో మళ్లీ పరీక్షలున్నాయి మాస్టారూ. అప్పటికీ ఇలాగే ఉంటే వంట బయటివాళ్లకి ఇచ్చేస్తామంటున్నారు పైవాళ్లు. నా చేతిలో ఏం లేదు.”

సాయంత్రం మాస్టారు మిగిలిన కూర డబ్బాలో పెట్టుకుని ఇంటికి వచ్చాడు. భార్య ఏనాడూ ఆయన వంట పొగిడిన పాపాన పోలేదు. కానీ అబద్ధం ఆడదు.

“నువ్వే చెప్పవే. ఉప్పు సరిపోయిందా, లేదా?”

ఆవిడ ఒక ముద్ద తింది. లేచి వెళ్లి చెంబెడు నీళ్లు తాగి వచ్చింది.

“ఏమైంది?”

“ఏం లేదండీ. సముద్రం మనింటికి ఇంత దగ్గరని తెలీదు.”

ఉడుక్కుంటూ తనూ ఒక ముద్ద నోట్లో పెట్టుకున్నాడు. మింగలేకపోయాడు. మధ్యాహ్నం అమృతంలా ఉన్న కూర ఇదేనా? అక్కడ తింటే సమంగా ఉంది, ఇక్కడ ఫ్యాను కింద కూర్చుని తింటే ఉప్పు కషాయంలా ఉంది.

అక్కడికీ ఇక్కడికీ తేడా ఏమిటా అని ఆలోచించాడు. నిరుటి పరీక్షలయ్యాక సామాన్లకు చోటు చాలక వంటగదిని వెనక రేకుల షెడ్డులోకి మార్చారు. కిటికీ లేదు. చుట్టూ పొయ్యిలు. మధ్యాహ్నానికి ఆయన చొక్కా పిండితే నీళ్లు కారతాయి. అంత చెమట పోసిన ఒళ్లు ఉప్పు, ఉప్పు అని గోల పెట్టకేం చేస్తుంది? తన ఒంటికి కావలసిన ఉప్పు కుర్చీల్లో కూర్చున్నవాళ్ల కంచాల్లో వేస్తున్నాడన్నమాట! నమ్మి చెయ్యి చాపి తిన్నవాళ్లు వాళ్లు.

మర్నాటినుంచి ఉప్పు వేసే ముందు సైకిళ్ల షెడ్డు నీడకు వెళ్లి, మొహం కడుక్కుని, నీళ్లు తాగి, చెమట ఆరాక అక్కడే రుచి చూసేవాడు. ఇన్నాళ్లూ ఆ ఉప్పుకే అలవాటుపడ్డవాళ్లు ఊరుకుంటారా? ఆస్పత్రి కూడంటూ నానా యాగీ చేశారు. మాస్టారు అన్నీ దిగమింగి అదే కూర వండాడు. కొన్నాళ్లకు నాలుకలు దారికొచ్చాయి.

రెండోసారి పరీక్షల్లో చాలామందికి బీపీ దిగింది. కాపలాదారుకి మాత్రం దిగలేదు. అతని జేబులో ఉప్పు పొట్లం దొరికింది.

మేనేజరు చెయ్యి కలిపి, “ఏం కావాలో అడగండి మాస్టారూ” అన్నాడు.

“ఒక కిటికీ పెట్టించండి బాబూ.”

ఆ సాయంత్రం మళ్లీ డబ్బా ఇంటికి వచ్చింది. ఈసారి మాస్టారే ముందుగా చెంబుతో నీళ్లు తెచ్చి భార్య పక్కన పెట్టి, ఎదురుగా కూర్చుని ఆవిడ నోరే చూస్తున్నాడు. ఆవిడ ముద్ద తర్వాత ముద్ద తిని, డబ్బా అడుగు తుడిచింది. నీళ్లు ముట్టలేదు. చెంబు ఆయన వైపు జరిపింది.

“మీరు తాగండి. పాపం, చెమటలు పట్టేశాయి.”