జమాల్ తువ్వాల

1983లో తాండూరులోని ఓ కాలేజీ కబడ్డీ జట్టులో ఒకరి తర్వాత ఒకరికి సెగగడ్డలు లేచాయి. పెన్సిలిన్ సూదులు వేయించుకున్నా తగ్గలేదు. మొదట లేచింది శివయ్యకే కాబట్టి అందరూ అతన్నే తిట్టారు. గొర్రెలు కాసే ఇంటివాడు కదా, మందలోంచి తెచ్చాడని ఒకడన్నాడు. అన్నవాడింట్లో మేకలు లేనట్టు!

కెప్టెన్ జమాల్ ఒక్కడే శివయ్యను దూరం పెట్టలేదు. కూతకు పంపే ముందు ప్రతివాడి మొహమూ కెప్టెన్ తన తువ్వాలతో తుడవడం ఆ జట్టు ఆనవాయితీ. శివయ్య మొహమూ అలాగే తుడిచేవాడు.

వికారాబాద్ నుంచి వచ్చిన డాక్టరమ్మ అందరి ముక్కుల్లో దూదిపుల్ల తిప్పి పరీక్ష చేయించింది. పెన్సిలిన్‌కు లొంగని ఆ క్రిమి, ఒంటిమీద ఒక్క గడ్డయినా లేని జమాల్ ముక్కులో బయటపడింది.

"నీ తప్పేం లేదు బాబూ. అది నిన్నేం చెయ్యదు. నీ తువ్వాలతో మిగతావాళ్లకు అంటుకుంది, అంతే," అందామె.

ఆ సాయంత్రం జమాల్ మైదానం చివర ఒంటరిగా కూర్చున్నాడు. శివయ్య రావడం చూసి చెయ్యి అడ్డం పెట్టాడు.

"నా దగ్గరికి రాకురా."

"నాకు గడ్డలు లేస్తే నువ్వు దూరం పోయినవా అన్నా? నా తువ్వాల నేను తెచ్చుకున్న. జర జరుగు."