తొట్టి గది

దుప్పట్లమ్మ మూడో మూట విప్పి, తొట్టిలోని సబ్బునీళ్లలో వేసి, కర్రతో అదిమింది. మతి చలించినవాళ్ల ఆసుపత్రి అది. పెళ్లయిన ఏడాది నుంచి వాళ్ల పక్కబట్టలు ఉతుకుతోంది గనక అసలు పేరు ఎవరికీ గుర్తులేదు. వేళ్ల సందులు ఒరిసి తెల్లబడ్డాయి. మోచేతుల దాకా సోడా వాసన.

ఆ గది ఉతకడానికి కట్టింది కాదు. గోడల్లో ఇనుప కడియాలున్నాయి. ఒకప్పుడు దిగులు పట్టినవాళ్లను దయ్యం పట్టిందని గొలుసులేసి వాటికి కట్టేవారు. ఇప్పుడు వాటికే దండేలు కట్టి దుప్పట్లు ఆరేస్తున్నారు. నడుమనున్న పొడవాటి తొట్టి ఆ తర్వాతి కాలంది. దయ్యం కాదు, నెత్తురు వేడెక్కిందని తేల్చిన డాక్టర్లు మనుషుల్ని అందులో మంచునీళ్లలో పడుకోబెట్టి, మెడ దాకా గుడ్డ బిగించేవారు. దుప్పట్లమ్మ తల్లినీ అలాగే పడుకోబెట్టారు. ఇంటికొచ్చాక తల్లి మళ్లీ నోరు విప్పలేదు. నెమ్మదించింది, బాగుపడిందన్నారు. ఏడాది తిరక్కుండా పోయింది.

కర్ర ఆగిపోయింది. ఎంతసేపు నిలబడిందో ఆమెకే తెలియదు. నీళ్లు కదలడం లేదు. ఇందులో పడుకుంటే హాయిగా ఉంటుందనిపించింది. మరుక్షణం కర్ర వదిలేసి వెనక్కి జరిగింది. ఆ ఆలోచన అంత తీయగా ఉన్నందుకే భయం వేసింది.

కొన్నాళ్లుగా నిద్ర లేదు. ముద్ద నోట్లో పెడితే మట్టి. కూతురు నవ్వుతూ ఏదన్నా చెబితే గోడ అవతల నుంచి వినబడుతుంది. ఇంట్లో చెప్పి చూసింది.

"మా కాలంలో దిగులుపడే తీరికెక్కడిదే?" అంది అత్తగారు.

"తల్లి బుద్ధి ఎక్కడికి పోతుంది! బయట అన్నావంటే రేపు పిల్లనీ ఇదే మాటంటారు. నోరు మూసుకో," అన్నాడు మొగుడు.

ఇక మిగిలింది ఉతుకుల గదిని చూసుకునే మేస్త్రమ్మ.

"అక్కా, నాకేం బాగాలేదు. అమ్మకొచ్చినట్టే ఉంది. ఈ తొట్టిని చూస్తే భయమేస్తోంది."

మేస్త్రమ్మ చెడ్డది కాదు. చిక్కంతా అక్కడే.

"ఓసి పిచ్చిదానా! దిగులుకు చాకిరీని మించిన మందుందా? చేతులు ఖాళీగా ఉంటే మనసు కోతి అవుతుంది. మీ అమ్మను ముంచే బదులు రోజూ నాలుగు దుప్పట్లు ఉతకమనుంటే నిక్షేపంలా బతికేది."

అని, మగవాళ్ల వార్డు మూటలు కూడా ఈడ్చుకొచ్చి ఆమె ముందు పడేసింది. ప్రేమతోనే. ఆ ఆసుపత్రిలో ఎవరు ఏం చేసినా ప్రేమతోనే చేశారు, కడియాలు దిగ్గొట్టినవాడితో సహా.

మేస్త్రమ్మ భోజనానికి వెళ్లింది. గదిలో తొట్టి, ఆమె మిగిలారు. నీళ్లవైపు చూడకుండా, గోడ తడుముకుంటూ బయటపడింది. తడిచేతులతోనే ఆడవాళ్ల వార్డు గుమ్మం దాకా నడిచింది. నర్సమ్మ బిళ్లలు పంచుతోంది.

"దుప్పట్లు తెచ్చావా అక్కా?"

"లేదమ్మా. నేనే వచ్చాను. నన్ను ఆ గదిలో ఒంటరిగా వదలకండి. ఏదో చేసుకుంటానని భయంగా ఉంది."

నర్సమ్మ పళ్లెం కింద పెట్టింది.

"కట్టేస్తారా? నీళ్లలో పెడతారా?"

"ఆ రోజులు పోయాయక్కా. మందులిస్తారు. డాక్టరుగారు కూర్చుని మాట్లాడతారు. నేను ఇక్కడే ఉంటాను, రా."

నమ్మకం కుదరలేదు. మేస్త్రమ్మ మాటా అంత మెత్తగానే ఉంది. అయినా తొట్టికన్నా నయమనుకుని గడప దాటింది. వెనక గడియ పడింది. ఆ చప్పుడుకి ఒకసారి తిరిగి చూసింది కానీ, వెనక్కి నడవలేదు.

సాయంత్రం మొగుడు వెతుక్కుంటూ వచ్చాడు. జరిగింది మేస్త్రమ్మ చెప్పింది.

"మరి ఇంట్లో వంట?" అన్నాడు.

"వెళ్లి ఒకసారి మొహం చూపించరాదూ?"

"వార్డులో నన్నెవరైనా చూస్తే?"

వచ్చినంత వేగంగా వెళ్లిపోయాడు.

వార్డు గుమ్మం పక్కన కిటికీ గూట్లో, మొనదేలినవేవీ లోపలికి పోకూడదని నర్సమ్మ ఆమె ముడిలోంచి తీసి పెట్టిన తలపిన్ను ఉంది. సోడా తగిలి తుప్పు పట్టింది. దాని కాళ్ల మధ్య ఒక నెరిసిన వెంట్రుక గాలికి కదులుతోంది.