హన్మంతు పేరు మీద రక్తం

2008 ఆగస్టులో హైదరాబాద్ నుంచి ఒక పరిశోధన బృందం గద్వాల దగ్గరి ఒక పల్లెకు వచ్చింది. విత్తన పత్తి చేలలో మందు కొట్టే కూలీల రక్తం తీసుకోవడం వాళ్ల పని. రక్తం ఇచ్చినవాళ్లకు స్టీలు టిఫిన్ డబ్బా ఇస్తామని ముందు రోజే చాటింపు వేయించారు. పొద్దున ఎనిమిదికల్లా బడి వరండా ముందు లైను కట్టారు.

బృందానికి పెద్ద డాక్టర్ సుహాసిని. సూది గుచ్చే ముందు ఆమె లేచి నిలబడి చెప్పింది.

"మన రక్తంలో పారాక్సనేజ్ అని ఒక ఎంజైమ్ ఉంటుంది. కాలేయంలో తయారవుతుంది. కొన్ని పురుగు మందుల విషాన్ని విరిచేస్తుంది. గుండెకు పోయే నాళాల్లో కొవ్వు చెడి పేరుకోకుండా కూడా కాపాడుతుందని తెలుస్తోంది. ఇది అందరికీ ఒకేలా ఉండదు. మీలో ఎవరికి ఎంత ఉందో చూడాలి. ఏమైనా అడగాలా?"

డబ్బాకు మూత ఉందా అని వెనక నుంచి ఒకరు అడిగారు. ఉందని చెప్పింది.

హన్మంతు ఆ లైనులో లేడు. వయసు నలభై ఆరేళ్లు, పద్దెనిమిదేళ్లుగా మందు కొడుతున్నాడు. ఆ రోజు బాలస్వామి చేనులో ఉన్నాడు. బాలస్వామి విత్తనాల కంపెనీకి, రైతులకు నడుమ ఆర్గనైజర్. హన్మంతు భార్య అనంతమ్మ ఇంటి దగ్గర ఉంది. ఆమె తమ్ముడు సాయన్న కొత్తకోటలో లారీ మెకానిక్. అక్కను చూడటానికి వచ్చి రెండు రోజులైంది. చేతిలో పని లేదు.

"పోయి లైన్ల నిలబడు. పేరడిగితే మీ బావ పేరు చెప్పు," అంది అనంతమ్మ.

ఆ ఊళ్లో చక్కెరకైనా, యూరియాకైనా ఇంట్లో ఖాళీగా ఉన్నవాళ్లు లైనులో నిలబడతారు. లైను ఇంటిది, మనిషిది కాదు. దాన్ని అబద్ధమని ఎవరూ అనుకోరు. సాయన్న రక్తం ఇచ్చాడు, డబ్బా తెచ్చి అక్కకు ఇచ్చాడు, సాయంత్రం బస్సుకు కొత్తకోట వెళ్లిపోయాడు.

ఆరు వారాలకు ఫలితాలు వచ్చాయి. అరవై రెండు మందికి అరవై రెండు కాగితాలు. నాగేశ్ చాయ్ హోటల్ దగ్గర బాలస్వామి ఒక్కొక్కటీ చదివి ఇచ్చాడు. అందరికన్నా పెద్ద అంకె హన్మంతు కాగితం మీద ఉంది. ప్రతి కాగితం అడుగున ఇంగ్లిష్‌లో ఒక వాక్యం ఉంది: ఈ ఫలితం అధ్యయనం కోసమే, వైద్య సలహాగా తీసుకోరాదు. అది ఆఫీసు చిరునామా అనుకుని బాలస్వామి వదిలేశాడు.

"ఏం రక్తమయ్యా నీది! అందర్ల నువ్వే ఫస్టు. నీకు విషమెక్కదు, గుండె రోగం రాదు," అన్నాడు బాలస్వామి.

తను లైనులో నిలబడకపోయినా హన్మంతు ఆశ్చర్యపోలేదు. జులైలో జ్వరం వస్తే సర్కారు దవాఖానలో వేలు గుచ్చి రక్తం తీసుకున్నారు. ఈ కాగితం దానిదే అనుకున్నాడు.

"మా నాయన గూడ గట్లనే ఉండె. పాము కరిస్తె మజ్జిగ తాగి పండుకున్నడు," అన్నాడు.

"మీ నాయన పాము కరిచే పాయె గద మామా?" అన్నాడు నాగేశ్.

"అది రెండో పాము."

కాగితానికి గద్వాలలో లామినేషన్ చేయించాడు. మందు కొట్టేటప్పుడు ముక్కుకు కట్టుకునే తువ్వాల మానేశాడు. పదకొండు చేలవాళ్లు అతన్నే పిలిచారు. రోజుకు ఒక కట్ట బీడీలు రెండు కట్టలయ్యాయి. గుండెకు కాపలా ఉన్నాక బీడీలు లెక్కపెట్టడం దేనికన్నాడు.

అనంతమ్మకు సంగతి తెలుసు. చెప్పలేదు. మొగుడు ఒక పనిలో ఫస్టు రావడం ఆమె చూడటం ఇదే మొదటిసారి. డబ్బా వాపసు అడుగుతారేమోనన్న భయం కూడా ఉంది.

నవంబరు మొదటి వారంలో హన్మంతు మందు ట్యాంకు వీపున వేసుకుని కాలువ గట్టు ఎక్కుతుంటే ఛాతీలో నొప్పి వచ్చింది. దవడకూ ఎడమ చేతికీ పాకింది. చెమట పట్టింది. కూర్చుంటే కాసేపటికి తగ్గింది. మర్నాడు మళ్లీ వచ్చింది. మూడో రోజు ట్యాంకు లేకుండానే, ఇంటి నుంచి బోరింగు దాకా నడిస్తే వచ్చింది.

"దవాఖానకు పోదం లే," అంది అనంతమ్మ.

"గ్యాసే అది. సోడా తాగితె పోతది."

"మూడు దినాల సంది సోడనే తాగుతున్నవ్. నీ మొకం సూసుకున్నవా?"

"కాగితం సూడరాదు! నా గుండెకు రోగం రాదు. హైదరాబాదు డాక్టరమ్మ రాసిచ్చింది. నువ్వు ఆమె కంటె ఎక్కువ సదివినవా?"

అనంతమ్మ గోడకున్న కాగితం తీసి అతని ముందు పెట్టింది.

"ఆ రక్తం నీది గాదయ్యా. మా సాయన్నది."

హన్మంతు కాగితం చూశాడు, మూలనున్న స్టీలు డబ్బా చూశాడు.

"డబ్బా కోసం నా రక్తం మార్చినవా?"

"నీ రక్తం నీ తాననే ఉంది. నేనేడ మార్చిన?"

అతను నమ్మలేదు. సాయన్నకు ఫోన్ చేశాడు. సాయన్న మధ్యాహ్నానికి వచ్చాడు. విషయం విని మొదట అడిగిన మాట ఇది:

"అయితే ఫస్టొచ్చింది నేనా అక్కా?"

"బావ పానం మీదికొస్తె నీకు ఫస్టు గావాల్నారా?"

హన్మంతు కాగితం తిప్పి చూశాడు. "పేరు నాది, రక్తం నీది. ఇంక నాకేం మిగిలింది బామ్మర్దీ?"

"నొప్పి మిగిలింది గద బావా. నడువు, కర్నూలు పోదం."

హన్మంతు లేచి చెప్పులు వేసుకున్నాడు.

కర్నూలు ఆస్పత్రిలో ఈసీజీ తీశారు. మర్నాడు యాంజియోగ్రామ్ చేశారు. గుండెకు పోయే ఒక నాళం తొంభై శాతం మూసుకుపోయింది. ఇంకో వారం ఆగితే ఏమయ్యేదో చెప్పలేమని డాక్టర్ మాలతి అంది. హన్మంతు సంచిలోంచి కాగితం తీసి ఆమెకు ఇచ్చాడు. రక్తం ఎవరిదో, డబ్బా సంగతేమిటో చెప్పాడు. ఆమె అడుగున ఉన్న ఇంగ్లిష్ వాక్యం దాకా చదివింది.

"ఇది మీ రక్తమే అయినా మీరు ఇక్కడికి రావాల్సిందే," అంది. "ఈ ఎంజైమ్ కొంత సాయం చేస్తుంది. గుండెపోటు రాదని హామీ ఇవ్వదు. పైగా బీడీలు దాని బలాన్ని తగ్గిస్తాయి. మీకు బీపీ ఉంది. ఎప్పుడైనా చూపించుకున్నారా?"

చూపించుకోలేదని చెప్పాడు. నాళంలో స్టెంట్ వేయాలని చెప్పి డాక్టర్ వెళ్లిపోయింది.

హన్మంతు భార్య వైపు తిరిగాడు.

"నా రక్తమైనా రావాల్నంట గద. మరి నాది గాదని ఎందుకు చెప్పినవే? ఊరంత నవ్వుతది."

"నీదే అనుకుంటె వస్తుంటివా?"

డాక్టర్ వెనక్కిచ్చిన కాగితాన్ని హన్మంతు బామ్మర్ది చేతిలో పెట్టాడు. నర్సు ఇచ్చిన పచ్చ గౌను తొడుక్కున్నాడు. స్ట్రెచర్ లోపలికి పోయాక అనంతమ్మ బల్ల మీద కూర్చుంది. సాయన్న కాగితం పట్టుకుని కౌంటర్ దగ్గర నిలబడ్డాడు. దాని మీది పేరు కొట్టేసి తన పేరు రాసి, ముద్ర వేసిస్తారా అని అడుగుతున్నాడు.