పండినా ఎర్రబడని కాయ

మొక్కలావిడ దగ్గర టమాటా నారు కొనాలంటే ముందు ఆవిడ చెప్పే చరిత్ర వినాలి. ఎక్కడో కొండవాలుల్లో బఠాణీగింజంత కాయలతో పుట్టిందట. ఓడలెక్కి సముద్రం దాటాక, కొన్నిచోట్ల జనం విషమేమోనని దడిసి అందానికే పెంచుకున్నారట. "తినకుండా చూస్తూ కూర్చున్నారు. ఎంత తెలివో చూడండి," అంటూ గుత్తులుగా కాసే పసుపుపచ్చవి, గుమ్మడిలా గాడులు పడ్డవి, నల్లగా నిగనిగలాడేవి వరసగా చూపించేది. బజారు కాయ మాట మాత్రం ఆవిడ దగ్గర ఎత్తకూడదు. "అది లారీలో దొర్లడానికి పుట్టింది, నోట్లోకి కాదు," అని కొట్టిపారేసేది.

ఎన్ని రకాలున్నా ఆవిడ ప్రాణమంతా పచ్చకాయ మీదే. పండినా పచ్చగానే ఉంటుంది, అదీ దాని తమాషా. చూస్తే తెలియదు, బొటనవేలితో మెల్లగా నొక్కితే మెత్తగా తగలాలి. అత్తగారు పోతూ పోతూ నగలన్నీ పెద్దకోడలికిచ్చి, ఈ విత్తనం చిన్నకోడలైన ఈవిడ చేతిలో పెట్టింది. అప్పట్లో ఒళ్లు మండిపోయింది. తొలి కాయ తిన్నాక ఆ మంట కాస్తా చల్లారింది.

ఈసారి దాచిన గింజలన్నీ నాటేసింది. తెగులు తగిలి మొక్కలన్నీ వాడిపోయి, ఒకే ఒక్క కాయ దక్కింది. దాన్ని పండనిచ్చి, విత్తనానికని కోసి వంటింటి కిటికీలో పెట్టింది.

కొత్తగా కాపురానికొచ్చిన కోడలు మహా పనిమంతురాలు. పొద్దున్నే లేచి వంట మొదలుపెట్టింది. మొక్కలావిడ వచ్చేసరికి పొయ్యి మీద కూర కుతకుతలాడుతోంది, కిటికీ ఖాళీగా ఉంది.

"ఇక్కడ కాయేదే అమ్మాయ్?"

"పచ్చిది కదా అత్తయ్యా, పులుపుకి బాగుంటుందని కూరలో వేశాను."

ఆవిడ గరిటె లాక్కుని గిన్నె గాలించింది. గింజలు దొరికాయి, ఉడికిపోయి. ఉడికిన గింజ మొలుస్తుందా? తిట్టు నోటిదాకా వచ్చింది కానీ, బెదిరిపోయిన ఆ పిల్ల మొహం చూసి మింగేసింది. నొక్కి చూడాలని తనైనా ఎప్పుడు చెప్పింది గనక. స్టూలు మీద కూలబడి కళ్లొత్తుకుంది.

"మా అత్తగారి విత్తనం. నా చేతుల్లోనే అంతరించిపోయింది," అంది.

సంగతంతా విన్నాక కోడలు పొయ్యి ఆపేసింది. "నారు కొన్నవాళ్ల దగ్గర ఉండదా?"

"ఎర్రబడలేదని అందరూ పీకేశారు. ఆ తాళాలాయనైతే..." అని ఆగిపోయింది.

తాళాలు బాగుచేసే ఆయన ఒకప్పుడు నారు పట్టుకెళ్లి, కాయలు ఎంతకీ పండలేదని నలుగురిలో "మోసం" అనేశాడు. నొక్కి చూడండి మహాప్రభో అని ఈవిడ మొత్తుకున్నా చెవిని పెట్టలేదు. ఆనాటినుంచి ఆవిడ ఆ వీధి మొహం చూడలేదు. పెరటి తలుపు తాళం చెడిపోతే తాడు కట్టుకుందిగానీ ఆయన గడప తొక్కలేదు. పంతమంటే పంతమే మరి.

"పదండి, అడిగి చూద్దాం. తిడితే నేను పడతాను," అంది కోడలు.

ఇరుకు కొట్టు, గోడనిండా తాళంచెవులు. ఆయన వీళ్లను చూడగానే చేతిలో ఆకురాయి పక్కన పడేశాడు.

"రండమ్మా, మీకోసమే చూస్తున్నా. ఏం మొక్క అంటగట్టారండీ బాబూ! పీకి పారేస్తే మళ్లీ మొలుస్తుంది. ఆ పండని కాయలు మూలకి విసిరి విసిరి చెయ్యి పడిపోతోంది. ఏటేటా ఇదే గోల."

మొక్కలావిడ ఇంకేం వినలేదు. కొట్టు దాటి పెరట్లోకి నడిచింది. గోడ పొడుగునా పచ్చకాయలు విరగకాసి ఉన్నాయి. ఒకటి నొక్కింది, ఇంకొకటి నొక్కింది. ఏడుపూ నవ్వూ ఒక్కసారే తన్నుకొచ్చాయి.

"మొత్తం పట్టుకుపోండి, పీడ విరగడవుతుంది," అని ఆయన బుట్ట తెచ్చిచ్చాడు. అత్తగారు చూపించినట్టు నొక్కి చూసుకుంటూ కోడలు బుట్ట నింపింది.

ఆవిడ ఒక కాయ రెండుగా చీల్చి, ఒక చెక్క కోడలికీ, రెండోది ఆయనకీ ఇచ్చింది. ఆయన చేదుమందు చూసినట్టు చూసి, మొహమాటానికి కొరికాడు. నమిలాడు. మణికట్టు మీద కారిన రసం కూడా నాకాడు. ఆ తర్వాత కోడలి చేతిలోంచి బుట్ట అందుకుని తన బల్ల కింద పెట్టేసుకున్నాడు.

"అదేంటండీ, పట్టుకుపొమ్మన్నారుగా?" అంది కోడలు.

"అన్నాను. అప్పటికి తినలేదు. విత్తనానికి కావలసినవి తీసుకోండమ్మా, తక్కినవి మా ఇంటికి."

అత్తగారికి ఎక్కడ కోపమొస్తుందోనని కోడలు బెదురుగా చూసింది. ఆవిడ మొహం చేటంతయింది. ఇన్నాళ్లూ ఆ విత్తనానికి ఆవిడొక్కతే దిక్కు. రేపు ఆవిడ కన్ను మూసినా, ఈ కాయకోసం పోట్లాడే మనిషి ఇంకొకడున్నాడు.

"రెండు చాలు," అని ఆయనతో బేరం తెగ్గొట్టి, ఆ రెండూ కోడలి చేతిలో పెట్టి, ఆవిడ హాయిగా వీధిలోకి దిగింది.