అప్‌సెట్ అంటే సెట్ కాదట

రాజశేఖర్‌ను మాఫ్ చేసేంత పెద్ద మనసు నాకు లేదు. మా ఊరోడే. "నర్సింహన్నా" అని నోరారా పిలిచేటోడు. ప్లాట్ల దందాల పడ్డంక గా నోటితోనే నన్ను ముంచిండు. అయినా ఈ ముచ్చట వాని కోసం రాస్తలేను. స్వప్న కోసం రాస్తున్న.

నాది ఐదో తరగతి సదువు. కొంగరకలాన్ తొవ్వల మా నాయిన ఇచ్చిన చెలక భూమి రెండు ముక్కలు ఉండె. ఒకనాడు పొద్దుగాలనే రాజశేఖర్ బండి మీద ఉరికొచ్చిండు.

"అన్నా, నీ చెలకల నుంచి రోడ్డు పోతున్నదట, సర్కారు భూమి గుంజుకుంటదట. ఇయ్యాల అమ్ముకోకపోతే రేపు నీకు చిల్లిగవ్వ రాదు. ఫికర్ చెయ్యకు, నేనున్న."

బుగులు పట్టి బువ్వ గూడ తినలే. బండెక్కించుకొని ఇబ్రహీంపట్నంల దస్తావేజులు రాసే కాశయ్య దుకాణానికి తీస్కపోయిండు. రెండు ముక్కలకు రెండు అగ్రిమెంట్లు ముందే టైపు చేసి పెట్టిన్రు. మొదటిదాని మీద సంతకం పెట్టిన. రెండోది చేతికి తీసుకున్ననో లేదో, కొనేటాయన సిటీల నుంచి ఫోన్ చేసిండు. రాజశేఖర్ నవ్వుకుంట బయటికి నడిసిండు. "మనిషి ఫుల్ అప్‌సెట్ సార్. పది నిమిషాలల్ల రెండోది గూడ పెడ్తడు" అనుడు నా చెవుల పడ్డది.

గా మాటతోని నాకు పానం కుదుటపడ్డది. పిల్లకు సంబంధం సెట్ అయింది అంటం. బోరు మోటరు సెట్ అయింది అంటం. అప్‌సెట్ అంటే ఇంకా మంచిగ సెట్ అయినట్టనుకున్న.

కంప్యూటర్ ముంగట కూసొని టైపు చేసేది స్వప్న. యాచారం నుంచి రోజూ బస్సుల వచ్చే పిల్ల.

"అమ్మా, జర అందరికి చాయ్ చెప్పు, పైసలు నేనిస్త. మన పని అప్‌సెట్ అయింది" అన్న.

కిసుక్కున నవ్వింది. నా మొఖం చూసి నవ్వు ఆపుకున్నది.

"గా మాట ఎవరన్నరన్నా?"

"రాజశేఖరే. నేను ఫుల్ అప్‌సెట్ అంట."

కాశయ్య దిక్కు చూసింది. ఆయన ఇంకో పార్టీతోని మాటలల్ల ఉన్నడు.

"అప్‌సెట్ అంటే సెట్ కాదన్నా" అన్నది మెల్లగ. "మనసు చెదిరింది అని. నువ్వు బుగులుతోని ఉన్నవ్, గందుకే సంతకం పెడ్తవ్ అంటున్నడు."

"మరి డిస్టర్బ్ అన్నా గదే కదా?"

"గదే. ఇంగ్లీషుల గసోంటియి మస్తున్నయ్. షేక్ చేసుడంటే ఊపుడు. రాటిల్ చేసుడంటే గిలక్కాయ తీర్గ గడగడలాడిచ్చుడు."

"మనకు ఒక్కటే మాట బిడ్డా. ఆగం చేసుడు."

"ఆగమై పెట్టే సంతకం మంచిది కాదన్నా. తహసీల్ ఆఫీసు దగ్గర్నే ఉన్నది. రోడ్డు ముచ్చట నిజమో కాదో అడిగిరా పో."

కలం కింద పెట్టి ఎనుక తలుపు నుంచి పోయిన. సర్వే నంబర్లు చెప్తే అక్కడి సారు కాగితాలన్ని తిరగేసిండు. "నీ చెలకల నుంచి ఏ రోడ్డు లేదు, ఎవలు చెప్పిన్రయ్యా?" అన్నడు.

వాపస్ వచ్చేవరకు రాజశేఖర్ దుకాణం మెట్ల మీద నిలబడ్డడు.

"ఏడికి పోయినవన్నా? టైం అయితున్నది!"

"రోడ్డు చూసొచ్చిన తమ్మీ. లేదట. ఇగ సంతకం గూడ లేదు."

వాడు కాశయ్య మీద లేచిండు. "నీ పిల్లనే చెడగొట్టింది" అని లొల్లి పెట్టిండు. స్వప్న లేచి నిలబడ్డది. "ఆయన మాటకు అర్థం తెల్వక ఉన్నడు, నేను చెప్పిన. తప్పేమున్నది?" అన్నది. నా కోసం ఇంట్లోల్లు గూడ అట్ల నిలబడలే ఎన్నడు.

వారం తిరగకముందే కాశయ్య ఆమెను పనిల నుంచి తీసేసిండు. కందులు కొలిచి మూట కట్టుకొని యాచారం పోయిన. "ఒక్క మాటకు ఇన్ని కందులా అన్నా?" అని నవ్వింది. చేతులు జోడించిన. ఇప్పుడు ఇంకో దుకాణంల చేస్తున్నది, సల్లగుండాలె. రెండో ముక్కల ఈ యాడాది గూడ కంది పెట్టిన. చెట్టు చెట్టుకు ఆమె పేరే తల్సుకుంట.

మొదటి కాగితం మాత్రం చేతికి రాలే. నలుగురు పెద్దమనుషులల్ల కూసోబెట్టి అడిగినా రాజశేఖర్ ఇయ్యలే. పోయింది ఎకరం పద్నాలుగు గుంటలు.