కళ్ళు మూసుకుంటే పలకరించకూడదు

బిందెలు నింపాలి, వంట ముగించాలి, అత్తగారికి మందు వేయాలి, ఆడపడుచును నిద్ర లేపాలి, బస్సు వచ్చేలోపు కాసేపు కూర్చుని లోకమంతా బాగుండాలని కోరుకోవాలి. ఈ చివరిదాన్ని కూడా ఆమె మిగతా పనుల్లాగే ఎగ్గొట్టకుండా చేసేది. బౌద్ధ విహారంలో నేర్చుకున్న మైత్రీభావన అది. ముందు తనకు, తర్వాత తనవాళ్ళకు, ఆపైన ముక్కూమొహం తెలియనివాళ్ళకు, ఆఖరున తనను ఏడిపించేవాళ్ళకు క్షేమం కోరుకోవాలి. ఆ ఆఖరి చోటు ఆసుపత్రి లాండ్రీ సూపర్‌వైజరుది.

లాండ్రీలో ఆమెను అందరూ శాంతక్క అనేవారు. దుప్పట్లు ఇస్త్రీ చేసే ఆవిరిగదిలో ఆమె పని. వేడిగాలిని బయటికి లాగే ఫ్యాను ఎండలు మొదలైనప్పుడే పాడైంది. గొడవ చేసినవాళ్ళను సూపర్‌వైజరు మడతల గదికి మార్చాడు. గొడవ చేయని ఆమెను అక్కడే ఉంచేశాడు. వదినను వదలనని, అదే గదిలో పనిచేసే ఆడపడుచూ ఉండిపోయింది.

ఆ రోజు ఇస్త్రీ రోలరు ముందు శాంతక్క తూలింది. రవిక చెమటకు ఒంటికి అతుక్కుపోయింది. ముంజేతుల మీద పాత కాలినమచ్చలు ఎర్రగా కందాయి. పెదాలు పాలిపోయాయి.

"వాడి మంచి కోరి కోరి వాణ్ణి నెత్తికెక్కించుకున్నావు వదినా! ఇవాళైనా నాలుగు దులుపు."

"మంచి కోరడమంటే నోరు మూసుకోవడమనుకున్నావా?"

చేతులు తుడుచుకుని తిన్నగా సూపర్‌వైజరు గదికి వెళ్ళింది. ఆ గది చల్లగా ఉంది.

"సార్, మీరు బాగుండాలని పొద్దున కోరుకునే వచ్చాను. అందుకే చెప్తున్నా. ఆ గదిలో ఎవరో ఒకరి ప్రాణం పోతుంది. ఆ పాపం మీ మెడకు చుట్టుకోకూడదు. ఫ్యాను బాగుచేయించండి. అందాకా మేం లోపలికి పోం."

"నువ్వు కూడానా శాంతక్కా!" అతను నవ్వాడు. "ధ్యానం చేసేదానివి, ఈ మాత్రం వేడికే? సరే, మానెయ్. రోగులు వట్టి పరుపుల మీద పడుకుంటార్లే."

ఎక్కడ పొడవాలో అతనికి బాగా తెలుసు. ముక్కూమొహం తెలియని ఆ రోగుల క్షేమాన్ని కూడా ఆమె రోజూ కోరుకుంటుంది మరి.

తిరిగి వచ్చి ఆడపడుచును బయటికి నెట్టింది. "నువ్వు అవతల ఉండవే. ఈ ఒక్క బండి దుప్పట్లూ నేను కానిచ్చేస్తా."

కానిచ్చింది. నడవాలో బెంచీ మీద గోడకు ఆనుకుని కూర్చుని, చేతులు ఒళ్ళో పెట్టుకుని కళ్ళు మూసుకుంది.

ఆమె కళ్ళు మూసుకుంటే పలకరించకూడదన్నది ఆ లాండ్రీలో అందరూ పాటించే మర్యాద. వెళ్ళేవాళ్ళు గొంతు తగ్గించారు. బట్టల బండ్లను చప్పుడు కాకుండా తోశారు. పని ముగిసే గంట మోగినా ఆమె లేవలేదు. ఆడపడుచు వచ్చి భుజం తట్టింది. శాంతక్క పక్కకు ఒరిగిపోయింది.

"ఎంత ప్రశాంతంగా పోయిందో! పుణ్యాత్మురాలు," అన్నాడు సూపర్‌వైజరు, చేతులు జోడించి.

"ప్రశాంతంగానా? ఉడికి చచ్చిపోయిందిరా మా వదిన!" ఆడపడుచు జోడించిన అతని చేతులను విడిపోయేలా కొట్టింది. "నీ మంచి కోరి మరీ చెప్పింది కదరా!"

ఈ కథ చదివినవారు ఆమెను గుర్తుంచుకోండి, శాంతమూర్తిగా మాత్రం వద్దు. ఆ గదిలోకి వెళ్ళనని ఎదురుగా నిలబడి చెప్పిన మనిషిగా గుర్తుంచుకోండి. ధ్యానం అయ్యాక తాగుతుందని ఆడపడుచు బెంచీ మీద ఉంచిన మంచినీళ్ళ గ్లాసు, మూత పెట్టింది పెట్టినట్టే ఉంది.